యూరప్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? పూజకు ముందు ఓసారి కొండగట్టు ఎక్కించి చూడండి!

మల్యాల మండలంలోని కొండగట్టు అంజన్న దగ్గర బండి పూజ చేయించడం జగిత్యాల వైపు వాళ్లకు అలవాటే. గల్ఫ్‌లో కూడబెట్టిన డబ్బుతో కొన్న కారైతే మరీనూ. అందుకే తొందరపడొద్దు.

పాత పోలో, ఆక్టేవియా లాంటివి కొత్త చిన్న కారు ధరకే దొరికేస్తాయి. బరువైన తలుపులు, హైవే మీద గట్టి పట్టు, టర్బో ఇంజిన్ లాగుడు.. మనసు పడటంలో తప్పేం లేదు. చిక్కంతా డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తోనే. ఇందులో 7 గేర్ల డ్రై క్లచ్ రకానికి రెండు క్లచ్‌లుంటాయి. వాటిని చల్లబరిచే ఆయిల్ మాత్రం ఉండదు. ట్రాఫిక్‌లో పాకించినా, ఎత్తు మీద ఆగి ఆగి నడిపినా వేడెక్కుతాయి. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోయిందంటే బిల్లు లక్ష దాటొచ్చు. ఈ గేర్‌బాక్స్ గొడవతోనే 2013లో ఫోక్స్‌వ్యాగన్ చైనాలో 3.84 లక్షల కార్లను రీకాల్ చేసింది.

అలాగని అన్నీ అంతే కాదు. 2022లో వచ్చిన వర్టస్, స్లావియా పుణె దగ్గరి చకన్‌లో తయారైనవే. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో 5 స్టార్లు తెచ్చుకున్నాయి. వీటి 1.0 లీటర్ ఆటోమేటిక్‌లో ఉన్నది టార్క్ కన్వర్టర్, డీఎస్‌జీ కాదు. ఇంట్లో ఉండేది ఒక్క కారే అయితే మాన్యువల్ ఇంకా మేలు.

డీఎస్‌జీయే కావాలంటే సర్వీస్ రికార్డు అడగండి. స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించినప్పుడు కుదుపు వచ్చినా, రివర్స్ పడటానికి టైమ్ పట్టినా అడ్వాన్స్ ఇవ్వకండి.