మీకు తెలుసా? విమానం మోత తిమింగలానికి వినిపిస్తుందా?

వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్ నుంచి సముద్రం మూడొందల కిలోమీటర్ల పైమాటే. అయినా మన జిల్లాకు సముద్రంతో ఓ లింకు ఉంది. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గాములకు కబురు పంపడం దాని పని. మామూలు రేడియో తరంగాలను ఉప్పునీరు మింగేస్తుంది కాబట్టే అంత ఏర్పాటు. మరి విమానం శబ్దం నీళ్లలోకి దిగుతుందా? తిమింగలాలను, డాల్ఫిన్లను లెక్కపెట్టడానికి శాస్త్రవేత్తలు విమానాల్లో తిరుగుతుంటారు. ఆ మోతకు అవి బెదరవా?

● శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, నీళ్లలో 1,500 మీటర్లు వెళ్తుంది. ఈ తేడా వల్ల ఏటవాలుగా వచ్చే శబ్దం చాలావరకు నీటిపై తగిలి పైకే పోతుంది. నిట్టనిలువుకు 13 డిగ్రీల లోపు దిగేదే నేరుగా లోపలికి వెళ్తుంది. అంటే విమానం మోత బోర్లించిన గరాటులా కిందికి దిగి, దాని అడుగు తాకిన చోటే నీళ్లలోకి వెళ్తుంది.

● విమానం 300 మీటర్ల ఎత్తులో ఉంటే, అలల్లేని సముద్రం మీద ఆ చోటు వెడల్పు 140 మీటర్లే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం దాన్ని రెండున్నర సెకన్లలో దాటేస్తుంది. అలలు రేగితే శబ్దం మరికాస్త పక్కలకు పాకుతుంది.

● ఒక హెలికాప్టర్ మీద చేసిన పరీక్షలో, అది నెత్తిమీదికి రావడానికి నాలుగు నిమిషాల ముందే గాలిలో మోత వినిపించింది. మూడు మీటర్ల లోతులో వినిపించింది 38 సెకన్లు. 18 మీటర్ల లోతులో 11 సెకన్లే!

● అలాస్కా తీరంలో చేసిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. హెలికాప్టర్‌కు బోహెడ్ తిమింగలాల గుంపుల్లో 14 శాతం, బెలూగా తిమింగలాల గుంపుల్లో 38 శాతం ఉలిక్కిపడ్డాయి. అదీ ఎక్కువగా 150 మీటర్లు, అంతకంటే తక్కువ ఎత్తులో ఎగిరినప్పుడు. రెక్కల విమానానికైతే బోహెడ్లలో 2.2 శాతం, బెలూగాల్లో 3.2 శాతమే స్పందించాయి.

● అలాగని పూర్తిగా నిశ్చింత కాదు. హవాయి దగ్గర ఓ చిన్న విమానం తక్కువ ఎత్తులో చుట్టూ తిరుగుతుంటే, స్పెర్మ్ తిమింగలాల గుంపు ఒకటి ప్రయాణం ఆపి, పిల్ల చుట్టూ అర్ధవలయంగా నిలబడింది. నెత్తిమీదుగా ఒకసారి దాటిపోవడం వేరు, అక్కడక్కడే తిరగడం వేరు.

● బెదిరిన జంతువు మునిగిపోతే లెక్కా తప్పుతుంది. కనపడక ముందే మునిగిన తిమింగలం ఏ జాబితాకూ ఎక్కదు. అందుకే ఎత్తు తగ్గకుండా, తిన్నగా ఎగరడం జంతువుకే కాదు, పరిశోధనకూ మేలు.

● చిన్న డ్రోన్ల శబ్దం నీళ్లలోకి ఇంకా తక్కువ దిగుతుంది. నీటికి ఐదు, పది మీటర్ల ఎత్తులో ఎగిరితే తప్ప, మీటరు లోతులోనే అది సముద్రపు హోరులో కలిసిపోతుంది.

● పడవ సంగతి పూర్తిగా వేరు. దాని ఫ్యాను తిరిగేదే నీళ్లలో కాబట్టి, గాలీ నీరూ కలిసే చోట ఉండే ఆ అడ్డు దానికి లేదు. ఒడిశాలోని చిలికాలో ఇరావడీ డాల్ఫిన్లను పడవల మీదే లెక్కిస్తారు, పర్యాటకులూ పడవల్లోనే వెళ్తారు. ఈసారి అక్కడికి వెళ్తే, డాల్ఫిన్ కనపడగానే వెంటపడమని పడవవాళ్లను తొందరపెట్టకండి. దూరంగా ఇంజన్ ఆపించి ఎదురుచూడండి.