రేవు పూడిపోయిన ఎఫెసు

అపొస్తలుల కార్యములు చదివిన ప్రతి విశ్వాసికీ ఎఫెసు పేరు పరిచయమే. నేటి టర్కీ దేశపు పడమటి తీరానికి దగ్గరగా, సెల్చుక్ అనే చిన్న పట్టణం పక్కన ఆ మహానగరపు శిథిలాలున్నాయి. దాదాపు 25 వేలమంది కూర్చోగలిగిన నాటకశాల, సెల్సస్ గ్రంథాలయపు ముఖభాగం, పాలరాతి వీధులు చూడటానికి నలుమూలల నుంచీ జనం వస్తారు. 2015లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నాటకశాల ముందు నుంచి ఒక విశాలమైన వీధి పడమటికి సాగుతుంది. దాని పొడవు సుమారు అర కిలోమీటరు. ఒకప్పుడు ఓడ దిగినవారు ఆ వీధినే నగరంలోకి వచ్చేవారు. ఇప్పుడా వీధి చివర సముద్రం లేదు, రెల్లు పెరిగిన చిత్తడి నేల ఉంది. సముద్రం అక్కడికి 5, 6 కిలోమీటర్ల దూరానికి వెళ్లిపోయింది. ఓడరేవే ప్రాణమైన నగరానికి సముద్రం ఎలా దూరమైంది?

రోజుకు కొంచెం మట్టి

రోమా సామ్రాజ్యంలో ఆసియ రాష్ట్రానికి ఎఫెసు ముఖ్యపట్టణం. రోమా అధిపతి నివాసం అక్కడే. ప్రపంచ వింతల్లో ఒకటైన అర్తెమి దేవి గుడి అక్కడే. వ్యాపారులూ యాత్రికులూ ఓడల్లో వచ్చేవారు. ఆ ఊరి సంపదంతా రేవు మీదే ఆధారపడి ఉండేది.

ఆ రేవు దగ్గరే కైస్టర్ నది సముద్రంలో కలిసేది. నది తనతో ఒండ్రుమట్టిని తెచ్చి రేవులో మేట వేసేది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో పెర్గము రాజు అట్టాలస్, రేవు ముఖద్వారం ఇరుకైతే లోపల లోతు పెరుగుతుందనుకుని ఒక అడ్డుకట్ట కట్టించాడు. జరిగింది వేరు. అంతకుముందు సముద్రపు అలలు లోపలికి వచ్చి, తిరిగి వెళ్తూ మట్టిని బయటికి ఈడ్చుకుపోయేవి. అడ్డుకట్ట వచ్చాక ఆ రాకపోకలు తగ్గాయి. మట్టి లోపలే నిలిచిపోయింది. భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో ఈ సంగతి వివరంగా రాశాడు.

తర్వాత కూడా ప్రయత్నాలు ఆగలేదు. నీరో చక్రవర్తి కాలంలో, అంటే పౌలు ఎఫెసు విడిచిన కొద్ది ఏళ్లకే, బారెయా సోరానస్ అనే అధిపతి రేవును తెరిపించాడు. క్రీ.శ. 129లో హద్రియాను చక్రవర్తి నదినే దారి మళ్లించాడు. ఆయనకు కృతజ్ఞత చెబుతూ చెక్కించిన శాసనం దొరికింది. అయినా నది తన పని మానలేదు. రేవు ఏ ఒక్క రోజులోనో పూడిపోలేదు. నిన్నటికీ ఈ రోజుకీ తేడా కనిపించనంత మెల్లగా నీరు తగ్గింది, మట్టి పెరిగింది.

తోడేళ్లు రాలేదు, కానీ...

ఈ నగరంలోనే పౌలు మూడేళ్లు పరిచర్య చేశాడు. తురన్ను పాఠశాలలో రెండేళ్లు ప్రతిదినమూ వాక్యం బోధించాడు. మాంత్రిక విద్య చేసినవారు యాభైవేల వెండి రూకల విలువైన పుస్తకాలు తెచ్చి అందరి యెదుట కాల్చేశారు. గుళ్ల బొమ్మలు చేసి బతికే దేమేత్రియ, తన వృత్తికి నష్టం వస్తోందని కంసాలులను రెచ్చగొడితే, జనం నాటకశాలలోకి దూసుకెళ్లి రెండు గంటలు కేకలు వేశారు (అపొ. కా. 19). నగరపు వ్యాపారాన్నే కదిలించిన సువార్త అది.

వెళ్లిపోయే ముందు పౌలు ఎఫెసు సంఘ పెద్దలను మిలేతుకు పిలిపించి కన్నీళ్లతో హెచ్చరించాడు. తాను పోయాక క్రూరమైన తోడేళ్లు మందలోకి వస్తాయనీ, మెలకువగా ఉండాలనీ చెప్పాడు (అపొ. కా. 20). ఎఫెసు పెద్దలు ఆ మాట మరిచిపోలేదు. మొదటి శతాబ్దం చివర ప్రభువు యోహాను ద్వారా పంపిన ఉత్తరంలో వారి గురించి ఏమని ఉందో చూడండి. అబద్ధ అపొస్తలులను వారు పరీక్షించి పట్టుకున్నారు. నీకొలాయితుల క్రియలను ద్వేషించారు. ప్రభువు నామం కోసం భారం భరించారు, అలసిపోలేదు (ప్రకటన 2:1-7). అంటే తోడేళ్ల విషయంలో ఆ సంఘం గెలిచింది.

అయినా ప్రభువు వారి మీద ఒక తప్పు మోపాడు. మొదట వారికున్న ప్రేమను వారు వదిలేశారు. నష్టం వాకిట్లోంచి రాలేదు. కాపలా కాస్తున్న గోడ లోపలే, ఒండ్రు పేరుకున్నట్టు పేరుకుంది. ప్రేమ ఏ రోజు తగ్గిందో ఎఫెసు విశ్వాసుల్లో ఎవరినడిగినా చెప్పలేకపోయి ఉంటారు. ఆరాధన జరుగుతూనే ఉంది. బోధ సరిగానే ఉంది.

పౌలు వారిని ముందే ఈ వైపు చూడమన్నాడు. ఎఫెసీయులకు రాసిన పత్రికను ఆయన ముగించింది, ప్రభువును చెడిపోని ప్రేమతో ప్రేమించేవారికి కృప కలగాలని దీవిస్తూనే (ఎఫెసీ 6:24). ఎఫెసులో ఉన్న తిమోతికి రాస్తూ, ఆజ్ఞకు గురి ప్రేమేనని గుర్తుచేశాడు (1 తిమోతి 1:5). తప్పుడు బోధను అడ్డుకోవడం అవసరమే, ప్రభువు దాన్ని మెచ్చుకున్నాడు కూడా. కానీ గోడ కట్టడంతోనే పని పూర్తయిందనుకుంటే, అట్టాలస్ రేవుకు జరిగిందే మనకూ జరుగుతుంది.

దీపాలున్న వీధి

ఐదో శతాబ్దం తొలినాళ్లకల్లా ఎఫెసు రేవు వీధిని ఆర్కాడియస్ చక్రవర్తి కాలంలో బాగుచేశారు. రెండు వైపులా మండపాలు, రాత్రివేళ వెలిగే దీపాలు. మండపాల్లో 50 దీపాలు ఉండేవని ఒక శాసనం చెబుతోంది. వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, వీధి చివర రేవు మాత్రం పూడిపోతూనే ఉంది. తర్వాతి కాలంలో జనం మెల్లగా దగ్గరలోని అయాసులుక్ కొండకు తరలిపోయారు. అర్తెమి గుడి సంగతి చెప్పనక్కర్లేదు. జాన్ టర్టిల్ వుడ్ అనే ఆంగ్లేయుడు 1863లో వెతకడం మొదలుపెడితే, 1869 చివరి రోజున గాని దాని నేల కనిపించలేదు. అది సుమారు 6 మీటర్ల మట్టి కింద ఉంది.

దీపస్తంభాన్ని దాని చోటి నుంచి తీసేస్తానని ప్రభువు ఎఫెసు సంఘాన్ని హెచ్చరించాడు. అయితే ఆ మాట కోపంతో ముగిసిన తీర్పు కాదు, తిరిగి రమ్మన్న పిలుపు. సంఘం వెంటనే అంతరించలేదు. రెండో శతాబ్దం తొలి ఏళ్లలో, హతసాక్షి అవడానికి రోముకు వెళ్తూ ఇగ్నేషియస్ ఎఫెసు విశ్వాసులకు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. 431లో సార్వత్రిక సంఘ మహాసభ ఆ ఊళ్లోనే జరిగింది. ప్రభువు ఓపిక ఎంత గొప్పదో!

ఆయన చెప్పిన మందు మూడు మాటల్లో ఉంది. ఎక్కడి నుంచి పడ్డావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు మళ్లీ చెయ్యి. ప్రేమ కలిగేదాకా ఆగమని ఆయన చెప్పలేదు. ప్రేమ ఉన్నప్పుడు చేసిన పనులు మళ్లీ మొదలుపెట్టమన్నాడు. పూడిక తీయడమంటే అదే. ఎఫెసు రేవును ఒకసారి తీసి ఊరుకుంటే చాలలేదు. మన హృదయమూ అంతే.

సంఘంలో కమిటీలు, కూటాలు, కట్టడాలు అన్నీ సవ్యంగానే సాగుతుండవచ్చు. మనం పాట పాడుతున్నప్పుడు ఎవరి కోసం పాడుతున్నామో గుర్తుందా? నెలరోజులుగా ఆరాధనకు రాని సహోదరి ఇంటి తలుపు ఎవరైనా తట్టారా? మాట పట్టింపుతో దూరమైన అన్నను పలకరించి ఎన్నాళ్లయింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం కష్టంగా ఉంటే, రేవులో మట్టి చేరుతోందని అర్థం. నీళ్లు పూర్తిగా వెళ్లిపోకముందే పార పట్టుకుందాం.