దొంగను పట్టే చదువేనా?

నేరశాస్త్రం, ఫోరెన్సిక్‌ సైన్స్‌... ఇంజినీరింగు, మెడిసిన్‌ల హోరులో అప్పుడప్పుడూ వినిపించే చదువులివి. ఇంతకీ ఆ తరగతుల్లో ఏం నేర్పుతారు? పట్టా చేతికొచ్చాక ఏ తలుపులు తెరుచుకుంటాయి, ఏవి తెరుచుకోవు?

'నేను ఫోరెన్సిక్‌ సైన్స్‌లో చేరతా'... ఇంటర్‌ ఫలితాలు వచ్చిన రోజు అమ్మాయి ఈ మాట అంటే ఇంట్లో ఏమవుతుంది? 'శవాల గదిలో కొలువా తల్లీ' అంటూ నాయనమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది. 'అంటే ఎస్సై అయిపోతావా?' అని నాన్న ఆరా తీస్తాడు. 'టీవీలో హంతకుణ్ని పట్టుకుంటారే, అదేగా!' అని తమ్ముడు ఎగిరి గంతేస్తాడు. ముగ్గురి మాటల్లోనూ నిజం కొంతే. సీరియల్లో అరగంటకే దొంగ దొరికిపోతాడు. అసలు చదువు మొదలయ్యేది మాత్రం 'దొరికినవాడు నిజంగా దొంగేనా?' అన్న ప్రశ్నతో!

ఆ ప్రశ్న విలువ తెలియాలంటే ఓసారి ఇంగ్లాండ్‌ వెళ్ళాలి. లెస్టర్‌షైర్‌లో 1983లో ఒకరు, 1986లో మరొకరు... ఇరుగుపొరుగు ఊళ్ళలో పదిహేనేళ్ళ అమ్మాయిలు ఇద్దరు దారుణ హత్యకు గురయ్యారు. పోలీసులు పదిహేడేళ్ళ కుర్రాణ్ని పట్టుకున్నారు. రెండో హత్య తానే చేశానని అతను ఒప్పుకున్నాడు కూడా. మొదటిదీ అతని పనేనని పోలీసుల నమ్మకం. దాన్ని రుజువు చేసుకోవాలని లెస్టర్‌ విశ్వవిద్యాలయంలోని అలెక్‌ జెఫ్రీస్‌ను ఆశ్రయించారు. 1984లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను కనిపెట్టిన శాస్త్రవేత్త ఆయన. పరీక్ష ఫలితం చూసి అందరూ నివ్వెరపోయారు. రెండు హత్యలూ చేసింది ఒక్కడే. కానీ, అది ఈ కుర్రాడు కాదు!

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలోని దాదాపు ఐదువేల మంది మగవాళ్ళ నుంచి నమూనాలు తీసుకున్నారు. కొలిన్‌ పిచ్‌ఫోర్క్‌ అనే వ్యక్తి తన బదులు తోటి ఉద్యోగిని పంపి తప్పించుకున్నాడు. ఆ సంగతి బయటికి పొక్కడంతో 1987లో దొరికిపోయాడు. 1988లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. హత్య కేసులో అడుగుపెట్టిన డీఎన్‌ఏ పరీక్ష చేసిన మొట్టమొదటి పని దోషిని పట్టించడం కాదు, చేయని నేరాన్ని నెత్తిన వేసుకున్న ఓ పిల్లవాణ్ని కాపాడటం!

మనవాళ్ళ ముద్ర

ఈ విద్యేమీ మనకు కొత్త కాదు. వేలిముద్రల కోసం ప్రత్యేకించి ఒక కార్యాలయం 1897లో కోల్‌కతాలో వెలిసింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని చిటికెలో వెతికి తీసేలా వాటిని వర్గీకరించడంలో అజీజుల్‌ హక్‌, హేమచంద్ర బోస్‌ అనే ఇద్దరు భారతీయ పోలీసు అధికారుల కృషి ఎంతో ఉంది. ఆ పద్ధతికి పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్‌ హెన్రీది స్థిరపడింది.

మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ పుట్టిల్లు మన హైదరాబాదే. సీసీఎంబీలో లాల్‌జీ సింగ్‌ 1980ల చివర్లో సొంతంగా ఆ పద్ధతిని రూపొందించారు. దానికి కీలకమైన ఆధారం దొరికింది ఎక్కడో తెలుసా... కట్లపాము జాతికి చెందిన ఓ పాము డీఎన్‌ఏలో! 1991లో రాజీవ్‌గాంధీ హత్య కేసులో అవశేషాల గుర్తింపు దగ్గర్నుంచి ఎన్నో కేసులకు ఆ పరిజ్ఞానం అక్కరకొచ్చింది.

కాగితం కవరే ఎందుకు?

చదువులో రెండు పాయలున్నాయి. ఫోరెన్సిక్‌ సైన్స్‌లో రక్తం, విషాలు, తూటాలు, చేతిరాత, వేలిముద్రలు, సెల్‌ఫోన్లలోని సమాచారం... వీటిని పరీక్షించడం నేర్పుతారు. నేరశాస్త్రంలో మనిషి నేరం వైపు ఎందుకు మళ్ళుతాడు, శిక్ష అతణ్ని మారుస్తుందా, బాధితులకు ఏం కావాలి, పోలీసు-కోర్టు-జైలు వ్యవస్థలు ఎలా నడుస్తాయి అన్నవి పాఠాలు. మొదటిదానికి ఇంటర్‌లో సైన్స్‌ గ్రూపు తప్పనిసరి. రెండోది పీజీ స్థాయిలో చదవడానికి చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా చాలు.

రెండింటిలోనూ ముందు నేర్పేది ఓపికే. ఉత్తుత్తి నేరస్థలాన్ని ఏర్పాటుచేసి విద్యార్థుల్ని లోపలికి పంపుతారు. కనిపించిన వస్తువునల్లా ముట్టుకుంటే మార్కులు పోయినట్టే! ముందు ఫొటో, తర్వాత కొలతలు, ఆ తర్వాత పటం... చివరికి గానీ చేతికి తొడుగు వేసుకుని వస్తువు తీయకూడదు. రక్తం అంటిన చొక్కాను ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్‌ సంచిలో పెడితే తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ పాడైపోతుంది. కవరు ఎవరు సీలు వేశారు, ఎన్ని గంటలకు, ఎవరి చేతికిచ్చారు అన్నది వరసగా రాసి ఉండాలి. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా కోర్టులో సాక్ష్యం నిలవదు. ఫలితం... హంతకుడైనా బయటపడొచ్చు, అమాయకుడైనా ఇరుక్కోవచ్చు.

ఎక్కడ ఉన్నాయంటే...

మధ్యప్రదేశ్‌లోని సాగర్‌ విశ్వవిద్యాలయంలో 1959లోనే ఈ విభాగం మొదలైంది. గాంధీనగర్‌లోని గుజరాత్‌ ఫోరెన్సిక్‌ విశ్వవిద్యాలయం 2020లో జాతీయ ఫోరెన్సిక్‌ సైన్సెస్‌ విశ్వవిద్యాలయంగా మారింది. అందులో సీటుకు ప్రత్యేక ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియాలో ఫోరెన్సిక్‌ సైన్స్‌ ఎమ్మెస్సీ, మద్రాసు విశ్వవిద్యాలయంలో నేరశాస్త్రం ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునే వారికి ఇగ్నో పీజీ డిప్లొమా అందిస్తోంది. చేరేముందు ఒక్క విషయం చూసుకోవాలి. ప్రయోగశాల లేకుండా, పుస్తకాలతోనే ఫోరెన్సిక్‌ నేర్పే కాలేజీ అంటే నీళ్ళు లేని కొలనులో ఈత నేర్పినట్టే!

వచ్చేదేంటి... రానిదేంటి?

ఇక్కడే తల్లిదండ్రులు పొరపడుతుంటారు. ఈ పట్టా ఉంటే నేరుగా ఎస్సై అయిపోతారనుకుంటారు. ఎస్సై పరీక్ష రాయడానికి ఏ డిగ్రీ అయినా ఒకటే. పరుగు పందెం, రాత పరీక్ష అందరితో సమానంగా గట్టెక్కాల్సిందే. నేరుగా ఐపీఎస్‌ కావాలన్నా సివిల్స్‌ తప్ప వేరే దారి లేదు. ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌ కావాలంటే లా చదివి, న్యాయవాదిగా అనుభవం సంపాదించాలి. జూనియర్‌ సివిల్‌ జడ్జి పోస్టుకైనా మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025లో తేల్చిచెప్పింది.

మరి ఏం వస్తుంది? కేంద్ర, రాష్ట్ర ఫోరెన్సిక్‌ ప్రయోగశాలల్లో సైంటిఫిక్‌ అసిస్టెంట్లు, అధికారుల పోస్టులుంటాయి. బ్యాంకులకు, ఆడిట్‌ సంస్థలకు మోసాల్ని, సైబర్‌ నేరాల్ని పరిశోధించేవారు కావాలి. నెట్‌ రాసి అధ్యాపకులు కావచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత కొత్త బాధ్యత పెట్టింది. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్‌ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలి. అందుకు ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువిచ్చారు. నిపుణుల అవసరం పెరిగేదే. అయితే ప్రభుత్వ కొలువులు నోటిఫికేషన్‌ వస్తేనే! అందాకా ఓపిక పట్టగల స్థోమత ఇంటికి ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది.

గోడ అవతల...

ఈ చదువుకు మరో ముఖం కూడా ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 5.73 లక్షల మంది ఉన్నారు. వారిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువే కాలేదు! బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టే దిక్కులేక లోపలే ఉండిపోయేవారు ఎందరో. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సోషల్‌ సైన్సెస్‌ 1990లో మొదలుపెట్టిన 'ప్రయాస్‌' ఇలాంటివారి కోసమే పనిచేస్తోంది. ఖైదీల కుటుంబాల్ని వెతకడం, న్యాయసాయం ఇప్పించడం, విడుదలయ్యాక పని చూపించడం... నేరశాస్త్రం చదివినవారికి ఇదీ ఓ దారే. తొలిసారి తప్పు చేసినవారిని జైలుకు పంపకుండా దిద్దుకునే అవకాశమిచ్చే చట్టం 1958 నుంచే ఉంది. దాన్ని నడిపించే ప్రొబేషన్‌ అధికారులకు, బాల నేరస్థులకు దారిచూపే కౌన్సెలర్లకు కావల్సింది కూడా ఈ చదువే.

అందుకే, అమ్మాయి 'ఫోరెన్సిక్‌ చదువుతా' అన్నప్పుడు 'శవాల్ని చూసి భయపడవా?' అని అడగనక్కర్లేదు. భయం మెల్లగా పోతుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఊరంతా 'వాడే దోషి' అని వేలెత్తి చూపుతున్నప్పుడు... పరీక్షలో మరోలా తేలితే, రిపోర్టులో 'సరిపోలలేదు' అని రాసి సంతకం పెట్టగలవా?

'పెట్టగలను' అంటే, ఫీజు కట్టేయొచ్చు!