నేను అన్నం మానేసి తగ్గలేదు, ఆపరేషన్ చేయించుకున్నా

ఈ ఎపిసోడ్ చెయ్యాలా వద్దా అని ఏడాది పైనే ఆలోచించాను. ఎందుకంటే ముందు మీకు ఒక అబద్ధం గురించి చెప్పాలి. ఆ అబద్ధం చెప్పింది నేనే.

పాత వీడియోలు చూసినవాళ్లకి తెలుసు, 2023కి ముందు ఫ్రేములో సగం నేనే ఉండేవాణ్ణి. తర్వాత తగ్గాను. ఎలా తగ్గావన్నా అని ఎవరడిగినా ఒకటే డైలాగ్ కొట్టేవాణ్ణి: అన్నం మానేశా, రోజూ పది వేల అడుగులు నడిచా. అన్నం తగ్గించిన మాట నిజం, నడిచిన మాట నిజం. దానికంటే ముందు నా పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. వాడిని అడిగే ఈ విషయం చెప్తున్నా. "అన్నయ్యా, ఆర్నెల్ల నుంచి అన్నం ముట్టుకోలేదు. నువ్వు చెప్పినట్టే నడుస్తున్నా. నాలుగు కిలోలు తగ్గి, మళ్లీ ఐదు పెరిగా. నీకున్న విల్‌పవర్ నాకు లేదు కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే వాడికి మొత్తం చెప్పాను. ఇప్పుడు మీకు చెప్తున్నా.

నా ఎత్తు 172 సెంటీమీటర్లు. 26 ఏళ్లప్పుడు బరువు 128 కిలోలు. బీఎంఐ అంటే బరువుని మీటర్లలో ఎత్తుతో రెండు సార్లు భాగించడమే, నాకు 43 వచ్చింది. షుగర్ మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 8.1. మాత్రలు వాడుతున్నా అంతే. ఇంకోటి నిద్ర. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆన్‌లో ఉండగానే గురక పెట్టాను, టీమంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఒక రోజు బండి మీద ఇంటికొస్తూ గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర కునుకు పట్టింది. వెనక హారన్‌లకి లేచాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. నిద్ర పరీక్ష చేయిస్తే గంటకి 48 సార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. 30 దాటితేనే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు.

డైటింగ్ చెయ్యలేదా అంటే, ఇంటర్ నుంచి చేస్తూనే ఉన్నా. కీటో చేశా, జీకే డైట్ అని ఒకాయన రాసిచ్చింది చేశా, రాత్రి పూట ఉత్త మజ్జిగతో సరిపెట్టా. ఒకసారి 17 కిలోలు తగ్గాను కూడా. ఏడాదిన్నరలో 20 వెనక్కొచ్చాయి.

ఇలా ఎందుకవుతుందో డాక్టర్ చెప్పాకే నాకు అర్థమైంది. బరువు తగ్గడం మొదలవగానే మన ఒంటికి అది కరువులా కనిపిస్తుంది. ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువవుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి, కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గిపోతుంది. మనవాళ్ల భాషలో చెప్పాలంటే, నువ్వు ఎన్నిసార్లు వ్యాల్యూ మార్చినా రాత్రికి రాత్రి ఎవరో స్క్రిప్ట్ రన్ చేసి పాత కాన్ఫిగ్ పెట్టేస్తున్నట్టు. అందరికీ ఒకే తీవ్రతతో జరగదు. కొంతమంది డైట్‌తో తగ్గి అలాగే ఉండిపోతారు, వాళ్లకి దండం. కానీ 128 దగ్గర ఉన్నవాడికి "కాస్త నోరు కట్టుకో" అనే సలహా ఎందుకు పని చెయ్యదో నాకు అప్పుడు తెలిసింది.

ఆ హార్మోన్లలో ఒకటి గ్రెలిన్. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఇది ఎక్కువగా పొట్ట పైభాగంలో తయారవుతుంది. నేను చేయించుకున్న స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో ఆ పైభాగంతో సహా పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయ లాంటి సన్నటి గొట్టం. పొట్ట చిన్నదవుతుంది, ఆకలి హార్మోన్ కూడా తగ్గుతుంది. కొవ్వు పీల్చి తీస్తారనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది లైపోసక్షన్, దీనికీ దానికీ సంబంధం లేదు. ఇందులో కొవ్వు జోలికే వెళ్లరు.

రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. కోడిగుడ్డంత చిన్న సంచిని పొట్ట పైన విడిగా చేసి, దాన్ని నేరుగా చిన్నపేగు కింది భాగానికి కలుపుతారు. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లకి, గుండెల్లో మంట ఉన్నవాళ్లకి సాధారణంగా బైపాస్ వైపు మొగ్గుతారు, ఎందుకంటే స్లీవ్ తర్వాత ఆ మంట పెరిగే అవకాశం ఉంది. నాకు ఎండోస్కోపీలో అలాంటిదేమీ కనపడలేదు, షుగర్ వచ్చి రెండేళ్లే అయింది. అందుకని స్లీవ్ అన్నారు. అయితే స్లీవ్ వెనక్కి తిప్పలేం. తీసేసిన పొట్ట మళ్లీ రాదు. ఈ ఒక్క మాట దగ్గర నేను మూడు నెలలు ఆగాను.

ఎవరికి చెయ్యొచ్చు అన్నదానికి చాలాకాలం ఒక లెక్క నడిచింది. 1991లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ చెప్పింది: బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి షుగర్ లాంటి జబ్బులు ఉండాలి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని మార్చాయి. 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సిఫారసు చెయ్యొచ్చు, ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించొచ్చు అన్నారు. మనవాళ్లకి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది కాబట్టి. మరి మన దగ్గర ఇన్సూరెన్స్ రూలు మాత్రం పాత లెక్కలోనే ఉంది. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండి ఉండాలి, డాక్టర్ సలహా ఉండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, మిగతా పద్ధతులు ఫెయిలై, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగర్ లాంటివి ఉండాలి. నా క్లెయిమ్ మొదటిసారి వెనక్కొచ్చింది, పాత డైట్ రికార్డులు అడిగారు. మనం డైటీషియన్ చీటీలు దాచుకుంటామా! వాట్సాప్‌లో మూడేళ్ల వెనక్కి స్క్రోల్ చేసి రసీదులు వెతికాను. మీలో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే ఇవాళ్టి నుంచే ప్రతి కాగితం దాచండి. మీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎన్నేళ్లో కూడా ముందే చూసుకోండి.

అసలు కష్టం ఇంట్లో చెప్పడం. అమ్మ అన్న మొదటి మాట, "బంగారం లాంటి కడుపు కోయించుకుంటావా? ఇంకో ముద్ద తక్కువ తింటే పోయేదానికి?" నాన్నకి షుగర్ వచ్చి పదిహేనేళ్లయింది, కాలి వేలు ఒకటి తీసేశారు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివర్లో "ప్రాణానికి ప్రమాదం ఎంత?" అని అడిగారు. డాక్టర్ చెప్పింది చెప్పాను: వెయ్యి మందిలో ఒకరి స్థాయిలో ఉంటుంది, కుట్లు లీకవడం, రక్తం గడ్డకట్టడం లాంటివి జరిగితే మళ్లీ ఆసుపత్రి తప్పదు. నాన్న తన కాలి వైపు ఒకసారి చూసుకుని, "సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు" అన్నారు. బంధువులకి మాత్రం చెప్పొద్దంది అమ్మ, పెళ్లి కావాల్సినవాడినని. నా అబద్ధం అక్కడ మొదలైంది. అమ్మ మీద తోసెయ్యను, దాన్ని వీడియోలదాకా మోసింది నేనే.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు దాదాపు ద్రవాలే. పొట్టకి అడ్డంగా ఉండే లివర్ కాస్త కుదించుకోవాలట, అప్పుడే కీహోల్ పరికరాలకి దారి దొరుకుతుంది. ఐదు చిన్న రంధ్రాలు, గంటన్నర పని. మెలకువ వచ్చాక పొట్ట కంటే భుజం ఎక్కువ నొప్పి పెట్టింది, లోపలికి పంపిన గ్యాస్ వల్ల. ఆ సాయంత్రమే కారిడార్‌లో నడిపించారు. తర్వాత నీళ్ల పరీక్ష. దగ్గు మందు మూతతో నీళ్లు, ఒక్కో గుక్కా చప్పరిస్తూ. లీటరు బాటిల్ ఎత్తి గటగటా తాగేవాణ్ణి, 30 మిల్లీలీటర్లకి పావుగంట పట్టింది.

రెండు వారాలు పల్చటి ద్రవాలు, తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి, ఆ తర్వాత మెత్తటి ఆహారం. ఐదో వారం మొదటి ఇడ్లీ తిన్నా. సగం ఇడ్లీ, ఇరవై నిమిషాలు. అమ్మ ఎదురుగా కూర్చుంది. గిన్నెలో ఇంకా ఐదున్నర ఉన్నాయి. ఆవిడ వాటినే చూస్తోంది. పాతికేళ్లు నాకు పెట్టడమే ఆవిడ మాట్లాడే పద్ధతి. పరీక్ష పోతే పెసరట్టు, ఉద్యోగం వస్తే పూర్ణాలు, బెంగగా ఉంటే ముద్దపప్పు, ఆవకాయ. ఇప్పుడు "ఇంకొంచెం వేసుకో" అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఒక రోజు వంటింట్లో ఏడ్చింది. నేను తగ్గుతున్నందుకు సంతోషంగా ఉందని, కానీ ఏం చెయ్యాలో తోచట్లేదని అంది. ఆపరేషన్ అయ్యేది ఒక్కరికే అయినా ఇంట్లో అందరి తిండీ మారుతుందని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. తర్వాత మెల్లగా ఆవిడే దారి కనిపెట్టింది. చిన్న గిన్నెలో ముందు గుడ్డు గానీ చేప ముక్క గానీ పెడుతుంది, అన్నం చివర్లో రెండు చెంచాలు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ రావాలి, ముందు అన్నం తింటే దానికి చోటు మిగలదు.

తప్పులూ చేశాను. నాలుగో నెలలో ఫ్రెండ్ పెళ్లికి వెళ్లి బిర్యానీ నాలుగు ముద్దలు గబగబా మింగాను. ఛాతీ మధ్యలో రాయి ఇరుక్కున్నట్టయింది, నురగ వాంతి. ఫంక్షన్ హాల్ వెనక గోడ పట్టుకుని అరగంట నిలబడ్డా. అలాగే తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట గ్యాప్ ఇవ్వాలి. ఇప్పటికీ మర్చిపోతుంటాను.

నాలుగో నెలలోనే జుట్టు గుప్పెళ్లతో ఊడింది. వేగంగా బరువు తగ్గినప్పుడు ఇది మామూలేనట, ఏడాదికల్లా తిరిగొచ్చింది. పొట్ట దగ్గర, చేతుల కింద చర్మం వేలాడుతుంది, అది జిమ్‌కి వెళ్తే పోయేది కాదు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ, ఇవి నాకు జీవితాంతం. రక్త పరీక్షలు ఏటేటా. మందు తాగేవాళ్లకి ఒక మాట: ఈ ఆపరేషన్ తర్వాత ఆల్కహాల్ త్వరగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదం కూడా ఉంది. నేను మానేశా.

మనసు సంగతి ఇంకోటి. రాత్రి ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే ఫోన్ తీసి ఫుడ్ ఆర్డర్ పెట్టడం నా అలవాటు. ఇప్పుడు ఆ ఆర్డర్‌లో పదో వంతు కూడా పట్టదు. టెన్షన్ మాత్రం అంతే ఉంది. కొన్ని నెలలు చిరాకుగా, ఖాళీగా తిరిగాను. ఆపరేషన్‌కి ముందు సైకాలజిస్ట్‌ని కలవమంటే ఫార్మాలిటీ అనుకున్నా, ఆ తర్వాత నా అంతట నేనే ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లాను.

మరి ఫలితం? ఏడాదిన్నరకి 88 కిలోలకి దిగాను. షుగర్ మాత్రలు ఆపేశారు, హెచ్‌బీఏ1సీ 5.7. నిద్ర మెషీన్ బీరువా మీద పడుంది. ఇప్పుడు నా బరువు 93. అవును, ఐదు కిలోలు వెనక్కొచ్చాయి. బీఎంఐ 31, అంటే చార్ట్ ప్రకారం నేను ఇంకా ఊబకాయుణ్ణే. కొంత బరువు తిరిగి రావడం ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి జరిగేదే. పొట్ట కాస్త సాగుతుంది, ఆకలి కొంత తిరిగొస్తుంది. మురుకులు, ఐస్‌క్రీమ్ లాంటివి చిన్న పొట్టలోకి కూడా సులువుగా జారిపోతాయి. నా ఐదు కిలోల్లో మూడు మురుకులవే అనుకుంటా.

ఇంజెక్షన్లు ఉండగా ఆపరేషన్ ఎందుకు అని అడుగుతారు. నేను చేయించుకున్నప్పుడు మౌంజారో మన దేశంలో లేదు, 2025 మార్చిలో వచ్చింది. అవి బాగానే పని చేస్తున్నాయి. కాకపోతే ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, నెలనెలా ఖర్చు ఉంటుంది. ఇవాళైతే నేను ముందు అదే ప్రయత్నించేవాణ్ణేమో. మీ డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సిన విషయం అది.

ఇక మా తమ్ముడు. మొత్తం విన్నాక వాడు రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పుంటే ఆర్నెల్లు నన్ను నేను తిట్టుకునేవాణ్ణి కాదుగా అన్నయ్యా" అన్నాడు. సారీ చెప్పాను. మీకూ చెప్తున్నా. వాడి బీఎంఐ 36. పోయిన వారం రక్త పరీక్షలు చేయిస్తే థైరాయిడ్ తేడా బయటపడింది, దానికి మందు మొదలుపెట్టారు. ఆపరేషన్ గురించి ఇప్పుడే ఏమీ అనుకోవట్లేదు వాడు, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోమన్నారు. రాత్రి పూట ఒక కప్పు పెరుగన్నం తింటున్నాడట. ఆ అపాయింట్‌మెంట్‌కి నేనూ వెళ్తున్నా. ఉంటాను మరి.