ఆర్ట్స్‌లో రెండేళ్లు, ఆపైన బీఏ

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు ఆర్ట్స్ చదివి, ఆ క్రెడిట్లతో బ్యాచిలర్స్ మూడో ఏడులో చేరే వీలుంది. తెలంగాణలో దానికి దగ్గరి దారి రెండేళ్ల ఇంటర్మీడియట్. కాకపోతే ఇక్కడ క్రెడిట్లు బదిలీ కావు. మూడేళ్ల బీఏ మొదటి ఏడు నుంచే చదవాలి.

తెలంగాణలోని ఆలేరు పిల్లలు పదో తరగతి కాగానే ఇంటర్‌లో హెచ్‌ఈసీ గ్రూపులో చేరితే చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం చదువుతారు. సీఈసీలో చరిత్ర బదులు కామర్స్ ఉంటుంది. రెండేళ్లకు కలిపి 1000 మార్కులు. ఇంజినీరింగు మోజులో ఈ గ్రూపులను చిన్నచూపు చూడటం అన్యాయం. కల్యాణి చాళుక్యుల కాలపు శాసనాలు, పేరున్న జైన క్షేత్రం ఉన్న కొలనుపాక ఆలేరు పక్కనే ఉంది. శాసనం ముందు నిలబడి, అరిగిన అక్షరాలను వేలితో తడుముతూ చదివే పిల్లకు చరిత్ర పాఠం ఊరి ముచ్చటే అవుతుంది.

ఇంటర్ పాసయ్యాక, డిగ్రీ ప్రవేశాల కోసం 2016లో మొదలైన ‘దోస్త్’ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుని, కాలేజీలు, కోర్సులు వరుసగా ఎంచుకోవాలి. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్లను బట్టి సీటు వస్తుంది. ఆప్షన్ల వరుస ఆలోచించి పెట్టుకోవాలి, సీటు ఆ క్రమంలోనే ఖరారవుతుంది. సీటొచ్చాక గడువులోగా కాలేజీలో రిపోర్టు చేయాలి.