పల్నాటి వీరుల కథాగానం - గ్రంథాలు, పరిశోధనలు

పల్నాటి వీరుల కథాగానం పూర్వపు గుంటూరు జిల్లాలోని పల్నాడు ప్రాంతానికి చెందిన మౌఖిక వీరగాథా సంప్రదాయం. క్రీ.శ. 12వ శతాబ్దిలో కారంపూడి వద్ద జరిగినదని చెప్పబడే యుద్ధంలో మరణించిన వీరులను ఇష్టదైవాలుగా కొలుస్తూ, వారి కథను వాద్య సహితంగా పాడటం ఈ సంప్రదాయపు ప్రధాన లక్షణం. మరణం చుట్టూ, మృతుల స్మృతి చుట్టూ అల్లుకున్న ఈ గానాన్ని గురించి ఒక శతాబ్దికి పైగా పండితులు వ్రాస్తూ వచ్చారు. ఆ వ్రాతల చరిత్ర ఈ వ్యాసంలోని విషయం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత కారంపూడి పల్నాడు జిల్లాలో ఉన్నది.

కథ, ఉత్సవం

గురజాలను ఏలిన నలగామరాజుకు, మాచర్లను ఏలిన మలిదేవరాజుకు మధ్య వైరం ఈ కథకు మూలం. నలగాముని పక్షాన మంత్రిణి నాయకురాలు నాగమ్మ, మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు నిలిచారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం రాజ్యం విడిచి అరణ్యవాసం చేయడం, రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలి కావడం, చివరకు కారంపూడి రణరంగంలో బాలచంద్రుడు మొదలైనవారు నేలకొరగడం ఇందలి ముఖ్య ఘట్టాలు. యుద్ధం 1176-1182 మధ్య జరిగినదని సాధారణంగా చెబుతారు. అయితే కాలనిర్ణయంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు.

కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉన్నది. ఏటా కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. ఈ రోజులకు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. వీరాచారాన్ని పాటించే కుటుంబాలవారు తమ ఇండ్లలో పూజించే వీరుల ఆయుధాలను తీసుకొని వస్తారు. మందపోరు నాడు కుల భేదం లేక అందరూ కలిసి భుజించే చాపకూడు జరుగుతుంది. చివరిదైన కల్లిపాడు వీరుల మరణాన్ని తలపునకు తెస్తుంది. కథను పాడేవారిని వీర విద్యావంతులు అంటారు. వీరు మాల కులానికి చెందినవారు. బ్రహ్మనాయుడు కుమారునిగా స్వీకరించిన మాల కన్నమదాసు ఈ కథలోని మహాయోధులలో ఒకడు కావడం ఇక్కడ గమనింపదగినది. పంబజోడు, తిత్తి వీరి వాద్యాలు. పిచ్చగుంట్లవారు కూడ ఈ కథను చెబుతారు.

తొలి సాహిత్య సాక్ష్యం

వీరుల కథను పాడేవారి ప్రస్తావన పాత తెలుగు సాహిత్యంలోనే కనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన వింతలలో పల్నాటి వీరుల గానం ఒకటి. దీనిని శ్రీనాథుడే వ్రాశాడనే వాదం కూడ ఉన్నది. కర్త ఎవరైనప్పటికీ, ఆ నాటికే ఈ పాట పల్నాటి ఎల్లలు దాటి పెద్ద నగరం వీధికి ఎక్కినదని దీని వలన తెలుస్తున్నది.

శ్రీనాథుని పేర పల్నాటి వీరచరిత్రము అనే కావ్యం ప్రసిద్ధం. ఇది మంజరీ ద్విపదలో ఉన్నది, అనగా ప్రాస నియమం పాటించని ద్విపద. పాటకు అనువైన ఈ ఛందస్సును సంస్కృత పదబంధాలకు పేరుపడిన కవి చేపట్టాడా అన్నది పండితులను చాలాకాలం వేధించిన ప్రశ్న. ముదిగొండ వీరభద్రకవి మొదలైనవారు కూడ ఈ కథను కావ్యంగా వ్రాశారు.

అచ్చు గ్రంథాలు

అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రమును పరిష్కరించి ప్రకటించాడు. ఆధునిక పాఠకులకు ఈ కథ గ్రంథరూపంలో అందినది ముఖ్యంగా ఈ ప్రచురణతోనే. పింగళి లక్ష్మీకాంతం కూడ తరువాత ఈ కావ్యాన్ని పరిష్కరించాడు. ఈ కృషి విలువైనదే, కాని దాని పరిధిని గుర్తుంచుకోవాలి. శ్రీనాథుని పేర దొరికిన భాగంలో బాలచంద్రుని యుద్ధఘట్టమే ప్రధానం. విద్యావంతులు పాడే కథ దానికి ఎన్నో రెట్లు పెద్దది. అది యుద్ధానికి ముందు తరాల నుండి మొదలవుతుంది. పాఠశాలలో చదువుకున్న బాలచంద్రుడు ఒక ఖండకావ్య నాయకుని వలె కనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చును.

నాటక, చలనచిత్రాలు కథను ఇంకా దూరం తీసుకొని వెళ్ళాయి. మాలపల్లి నవలాకర్త ఉన్నవ లక్ష్మీనారాయణ నాయకురాలు అనే నాటకం వ్రాశాడు. పల్నాటి యుద్ధం పేరుతో 1947లోను, 1966లోను రెండు చిత్రాలు వచ్చాయి.

గాయకుని వైపు మళ్ళిన పరిశోధన

జానపద సాహిత్యాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు అర్హమైన విషయంగా నిలబెట్టినవారిలో బిరుదురాజు రామరాజు ముఖ్యుడు. ఆయన సిద్ధాంత గ్రంథం తెలుగు జానపద గేయ సాహిత్యము 1958లో వెలువడినది. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథా కవిత్వంపై పరిశోధించాడు.

పల్నాటి కథ విషయంలో అసలు మలుపు అమెరికా పండితుడు జీన్ రోగేర్ గ్రంథం. దీని పేరు ది ఎపిక్ ఆఫ్ పల్నాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్ ప్రచురించినది. రోగేర్ తాళపత్రాలను గాక గాయకుని ఆధారంగా చేసుకున్నాడు. 1970 దశకంలో అలిసెట్టి గాలెయ్య అనే వీర విద్యావంతుడు పాడిన కథను ధ్వనిముద్రణ చేసి, ఆంగ్లంలోకి అనువదించి, దానితో పాటు ఉత్సవాన్ని, సామాజిక నేపథ్యాన్ని వివరించాడు. అంతవరకు పండితుల దృష్టిలో "జనశ్రుతి"గా మిగిలిన పాటకు ఒక పేరున్న కర్త ఏర్పడ్డాడు. ఇది చిన్న మార్పు కాదు. ఉమాకాంతం ప్రచురణలో కవి శ్రీనాథుడు. రోగేర్ గ్రంథంలో కథకుడు గాలెయ్య.

వెల్చేరు నారాయణరావు 1986లో వెలువడిన అనదర్ హార్మొనీ అనే సంకలనంలో ఆరు తెలుగు జానపద ఇతిహాసాలను పరిశీలించి, యుద్ధగాథలను, స్త్రీల ఆత్మత్యాగ గాథలను వేరు చేసి, అవి ఏయే కులాల ఆదర్శాలను ప్రతిబింబిస్తాయో చర్చించాడు. 1989 నాటి ఓరల్ ఎపిక్స్ ఇన్ ఇండియా సంకలనంలో స్టూవర్ట్ బ్లాక్‌బర్న్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. దాని ప్రకారం స్థానిక వీరుని అకాల, హింసాత్మక మరణం మొదట ఉంటుంది. ఆ మృతుని దైవంగా కొలవడం దాని నుండి పుడుతుంది. కథ విస్తరించిన కొద్దీ దివ్యజన్మ వంటి అంశాలు వచ్చి చేరుతాయి. ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1999లో ప్రచురించిన గ్రంథంలో ఇందుకు భిన్నంగా ఆలోచించి, ఈ కథ మహాభారతాన్ని తిరిగి ఊహించుకున్న తీరును చూపాడు. కోడిపందెం జూదాన్ని, అరణ్యవాసం పాండవుల వనవాసాన్ని గుర్తుకు తెస్తాయి. పల్నాటి కథను "పల్నాటి భారతం" అనడం ఇక్కడివారికి కొత్త కాదు.

లోపలివారు, వెలుపలివారు

ఒక సమూహపు పాటను గురించి ఎవరు వ్రాయాలి అనే ప్రశ్న పల్నాటికే పరిమితం కాదు. బ్రిటన్‌లో 1970ల చివర, 1980ల మొదట రాక్ సంగీతం నుండి గోత్ అనే యువజన ఉపసంస్కృతి పుట్టినది. నల్లని దుస్తులు, రాత్రి, సమాధి, మృత్యువు దాని చిహ్నాలు. 2002లో దానిపై గ్రంథం వ్రాసిన సమాజశాస్త్రజ్ఞుడు పాల్ హాడ్కిన్సన్ స్వయంగా ఆ సమూహంలోని వాడు. లోపలివాడుగా ఉండటం వలన కలిగే సౌలభ్యాన్ని, ప్రమాదాన్ని ఆయన విడిగా చర్చించాడు. పోలిక ఇంతవరకే. గోత్ యువకులు మృత్యువును ఒక అభిరుచిగా ఎంచుకున్నారు. కారంపూడి వచ్చే కుటుంబాలకు మృతులు పేరు పేరునా తెలిసినవారు, ఇంటి దేవుళ్ళు.

పైన పేర్కొన్న పండితులు ఎవరూ విద్యావంతులు కారు. కథ అర్థం గురించి, కులం గురించి, ఇతిహాస లక్షణం గురించి వారు విస్తారంగా చర్చించారు. అయితే ఈ గ్రంథాలలో ఏదీ ప్రధానంగా సంగీత గ్రంథం కాదు. పంబ మీద దెబ్బ ఎక్కడ మారుతుంది, పాట మాటగా ఎక్కడ దిగుతుంది, గాయకుడు ఏ ఘట్టాన్ని ఎంత సాగదీస్తాడు అన్నవి అచ్చులో నిలువవు. రోగేర్ అనువాదం చదివిన వారికి గాలెయ్య చెప్పిన కథ తెలుస్తుంది, గొంతు వినబడదు. గాయకుని కుమారుడు తండ్రి ప్రక్కన వంత పాడుతూ నేర్చుకొనే విద్య ఇది. కార్తీక అమావాస్య నాడు కారంపూడికి వెళ్ళిన విద్యార్థి ఒక ధ్వనిముద్రణ యంత్రాన్ని, పాడేవారి అనుమతిని వెంట ఉంచుకొంటే మంచిది.