బంతిమడి పక్కన వయ్యారిభామ

పిల్లలూ! మీ బడితోటలో మందార కొమ్మ చివర తెల్లని పిండి అంటుకొని ఉందా? పుల్లతో గీకి చూడండి. ఆ దూదిలాంటి పొర కింద దాగి రసం పీల్చేది పిండినల్లి. అది విడిచే తియ్యని జిగురు కోసం చీమలు బారులు తీరుతాయి. చీమల బారు వెంట పైకి చూసుకుంటూ వెళితే చాలు, దొంగ దొరుకుతుంది. సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. ఇంత సులువుగా దొరికే దొంగ గురించి ఎక్కువ చెప్పుకోనక్కరలేదు.

బంతిపూలలో దూరే తామరపురుగు సంగతి వేరు. పువ్వు కింద తెల్లకాగితం పట్టి మెల్లగా తట్టండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున్న నలకలు రాలి, కదలడం మొదలుపెడతాయి. మంచి భూతద్దం ఉంటే రెక్కల అంచున కుచ్చులాంటి వెంట్రుకలు కూడా చూడవచ్చు. ఇవి లేత ఆకులను గీరి రసం పీలుస్తాయి. గీరినచోట వెండిచారలు మెరుస్తాయి.

ఇప్పుడు అదే కాగితంతో మడిగట్టు మీదికి రండి. క్యారెట్ ఆకులాంటి చీలికల ఆకులు, చిన్న చిన్న తెల్లపూలు ఉన్న మొక్క కనిపించిందా? మా కళ్యాణదుర్గంలో నాలుగు చినుకులు పడితే చాలు, మనం చల్లిన విత్తనాల కంటే ముందు మొలిచేది అదే. పేరు వయ్యారిభామ. ముట్టుకోకుండా పువ్వును దగ్గరగా చూడండి. అంచున అయిదు పొట్టి రేకలు! ఇది బంతి, చామంతుల కుటుంబానిదే. పుట్టిల్లు అమెరికా ఖండం. 1955లో పూణేలో దీన్ని గమనించారు. తరువాత దేశమంతా పాకింది. దీని పూలను కూడా పుల్లతో కాగితం మీదికి తట్టండి. ఇక్కడా తామరపురుగులే! వాటి ఒంటికి పుప్పొడి అంటుకొని ఉంటుంది.

అయితే ఏమిటట అంటారా? 2000 సంవత్సరం ఖరీఫ్‌లో మన అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు లేత ఆకుల మీద మచ్చలుపడి, మొవ్వు ఎండి, కాండం మాడి చచ్చిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, టొబాకో స్ట్రీక్ అనే వైరస్ దీనికి కారణమని తేల్చారు. మరి అది ఎక్కడ దాగింది? పచ్చగా నవనవలాడే వయ్యారిభామలో! వైరస్ సోకినా ఈ మొక్క పైకి ఏ జబ్బూ లేనట్టే ఉంటుంది. దాని పుప్పొడిలో మాత్రం వైరస్ ఉంటుంది. తామరపురుగు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొని చేలోకి చేరి ఆకును గీరుతుంది. ఆ గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది. పొద్దుతిరుగుడుకూ, మన బంతికీ కూడా ఈ వైరస్ సోకుతుంది. అందుకే బంతి మాడినప్పుడు గట్టు కూడా చూడమంటున్నాను.

వయ్యారిభామను పూతకు రాకముందే, వానకు నేల మెత్తబడ్డప్పుడు వేళ్ళతో సహా పీకాలి. పూసిందంటే ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. ఉత్త చేతులతో మాత్రం పట్టుకోవద్దు. దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడికి కొందరికి ఆయాసం కూడా వస్తుంది. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

చేను చుట్టూ కొన్ని సాళ్ళు జొన్న వేస్తే, గాలికి కొట్టుకొచ్చే పురుగులూ పుప్పొడీ చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఇక దీని ఆకులు తినే మెక్సికో పెంకుపురుగు ఒకటుంది. దాన్ని 1984లో బెంగళూరులో విడిచిపెట్టారు. వానకాలంలో బాగానే తింటుంది గాని, వానలు వెనకబడితే మట్టిలో దూరి నిద్రపోతుంది. మన సీమలో దానికి నిద్రే ఎక్కువ.